నీళ్ళ ట్యూబు

జయమణి పేరు తలుచుకుంటే నాకు ముందు కోపమే వస్తుంది. ఆ తర్వాత ఏం వస్తుందో చెప్పుకుందామనే ఇది రాస్తున్నాను. ఆమె చాలా గొప్ప మనిషని మా ల్యాబులో అందరూ అంటారు. మా డాక్టరు భూపాల్ గారైతే వచ్చిన ప్రతివాళ్ళకూ టీ తాగించి మరీ చెబుతారు. విని విని నా చెవులు చిల్లులు పడ్డాయి. ఇరవై రెండేళ్ళు ఆమె పక్కన పనిచేసినవాణ్ణి నేను. వాళ్ళు చెప్పే జయమణి నాకు తెలియదు, నాకు తెలిసిన జయమణి గురించి వాళ్ళెవరూ చెప్పరు.

నా పేరు బాలకిషన్. అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు దాటి నాంపల్లి స్టేషను వైపు పోతుంటే ఎడమచేతి సందులో, చెప్పుల దుకాణం పైన రెండో అంతస్తులో మా ల్యాబు. రక్తం, చీము, ఉమ్మి తెచ్చేవాళ్ళను కౌంటరు దగ్గర కూర్చోబెట్టి పేర్లు రాసుకోవడం, చివర్లో రిపోర్టు టైపు చేసి స్టాంపు వేయడం నా పని. ఆ రెంటికీ మధ్య లోపలి గదిలో జరిగేదంతా జయమణి పని. నాకంటే ఆరేళ్ళు పెద్దది కనుక అక్కా అనేవాణ్ణి.

ఆమెది మెదక్. వాళ్ళమ్మ అక్కడి మిషన్ దవాఖానలో ఆయా. ఆపరేషను కత్తులూ కత్తెరలూ ఉడకబెట్టడం ఆ తల్లి పని. నీళ్ళు మరిగాక ఇరవై నిమిషాలు అక్కడే నిలబడేదట. డాక్టరమ్మ తొందరపెట్టినా, ఇంట్లో పిల్లలు ఏడుస్తున్నారని ఎవరైనా వచ్చి చెప్పినా గడియారం వైపే చూసేదట. కూతురికి అదే అబ్బింది. జయమణి ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా చదువుకుని హైదరాబాదు వచ్చింది. స్టేషను వెనక రెండు గదుల కిరాయి ఇల్లు, ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ ల్యాబు. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగితే "టైం దొరకలే తమ్మీ" అనేది. నవ్వేది కూడా కాదు.

ఆమె వచ్చిన కొత్తలో అంతా పాత పద్ధతే. చీమును పళ్ళెంలో పూసి, వెచ్చగా పెట్టి, క్రిమి పెరిగేదాకా ఆగాలి. సగం పెరగవు. మనవాళ్ళు మందుల దుకాణంలో దొరికినవన్నీ మింగాకే కదా ల్యాబుకు వచ్చేది. ఎనిమిదేళ్ళ కిందట భూపాల్ గారు డీఎన్ఏ మెషీను తెచ్చారు. దీనికి క్రిమి బతికి ఉండక్కర్లేదు. చచ్చినా దాని డీఎన్ఏ ఉంటే చాలు. బ్యాక్టీరియా అన్నింట్లోనూ ఉమ్మడిగా ఉండే ఒక ముక్క ఉందట. అందులో కొన్ని అక్షరాలు జాతికీ జాతికీ మారతాయట. మెషీను ఆ ముక్కకు కోట్ల కాపీలు తీస్తుంది, ఆ అక్షరాలు చదివి జాబితాతో పోల్చి పేరు చెబుతుంది. "ఇంటిపేరు అందరిదీ ఒక్కటే తమ్మీ, అసలు పేరు చదువుకోవాలె" అని జయమణి నాకు అర్థమయ్యేలా చెప్పింది.

చిక్కల్లా ఏమిటంటే ఆ మెషీనుకు తనా పరా తేడా లేదు. రోగి పుండులోని క్రిమినీ కాపీ తీస్తుంది, గ్లౌజుకు అంటుకున్నదాన్నీ తీస్తుంది, నల్లా నీళ్ళలోంచి చింది పడ్డదాన్నీ తీస్తుంది. అందుకని ప్రతి బ్యాచులోనూ ఒక ట్యూబులో ఏ రోగి నమూనానూ వేయరు. శుద్ధమైన నీళ్ళు పోస్తారు. మొదటి మెట్టు నుంచి చివరి మెట్టు దాకా మిగతా ట్యూబులకు ఏమేం చేస్తారో దానికీ అన్నీ చేస్తారు. చివరికి తెర మీద, డీఎన్ఏ దొరికిందని చూపే గీత దానికి రాకూడదు. గీత కనిపించిందంటే ఎక్కడో కల్తీ జరిగినట్టు. ఆ కల్తీ ఎక్కడిదో తేలేదాకా ఆ బ్యాచులోంచి ఒక్క రిపోర్టూ బయటికి పోకూడదు. తేలకపోతే రద్దు.

ఈ నియమం అన్ని ల్యాబుల గోడల మీదా ఉంటుంది. గోడ మీద ఉన్నవన్నీ చేస్తామా? సన్నటి గీత వస్తే కళ్ళు మూసుకునేవాళ్ళే ఎక్కువ. జయమణి దగ్గర ఆ పప్పులు ఉడకవు. సన్నగా ఉన్నా గీత గీతే. ఒకసారి నాలుగేళ్ళ పిల్లవాడి వెన్ను నీరు వచ్చింది. పేరు దొరికింది, నీళ్ళ ట్యూబులో కనీకనిపించని గీత కూడా వచ్చింది. అవతల ఒక పెద్ద డాక్టరు ఫోనులో చెడామడా తిడుతున్నా ఆమె రద్దు చేసి, మళ్ళీ తెప్పించి, మళ్ళీ చేసింది. రెండోసారి ఇంకో క్రిమి పేరు వచ్చింది. మొదటి పేరుకు మందు ఇచ్చి ఉంటే ఆ పిల్లవాడు పోయేవాడు. ఆ డాక్టరు తర్వాత ఆమెకు నమస్కారం పెట్టి వెళ్ళాడు.

ఇంకొక పద్ధతి కూడా ఉండేది ఆమెకు. బ్యాచుకు ఎనిమిది ట్యూబులు, ఏడుగురు రోగులవి, ఎనిమిదోది నీళ్ళది. ఏడూ నిండేదాకా ఆగేది. ఏడుగురుంటే తప్పు ఎక్కడిదో పట్టుకోవచ్చు. ఒక్కరి క్రిమే నీళ్ళలో కనిపించి మిగతా ఆరూ శుభ్రంగా ఉంటే, ఆ ఒక్కరి నుంచే నీళ్ళలోకి చిందిందని తెలుస్తుంది. అన్నింట్లోనూ కనిపిస్తే ట్యూబుల్లో పోసే మందుల్లోనే కల్తీ అని తెలుస్తుంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానంటే, ఆ రెండు పద్ధతుల మధ్యే జెర్లిన్ నలిగిపోయింది.

జెర్లిన్ జయమణి చెల్లెలు విమల కూతురు. ఇంటర్ అయ్యాక మెదక్ నుంచి పెద్దమ్మ దగ్గరికి వచ్చి, మా కింది చెప్పుల దుకాణంలోనే సేల్స్‌లో చేరింది. ఇరవై ఆరేళ్ళు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకుని పైకి వచ్చి మాతోనే తినేది. నోరు ఊరుకోదు. "కిషన్ మామా, నువ్వు టైపు చేసే స్పీడుకు రిపోర్టు వచ్చేలోపల రోగం దానంతటదే తగ్గిపోతది" అనేది. ప్రతి జనవరిలో నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో వాళ్ళ దుకాణం స్టాలు పెట్టేది. అక్కడ నిలబడే పని అంటే ఆ పిల్లకు పండగ. ఆ నెలన్నర కోసం మిగతా ఏడాదంతా కూర్చునీ లేచీ చెప్పులు తొడుగుతున్నానని అనేది.

రెండేళ్ళ కిందట జూన్‌లో ఆ పిల్లకు పిత్తాశయంలో రాళ్ళని కాచిగూడ వైపు ఒక నర్సింగ్ హోములో ఆపరేషను చేశారు. పొట్ట కోయకుండా మూడు చిల్లులు పెట్టి చేసేది. మూడో రోజుకే దుకాణానికి వచ్చింది. నెల తిరిగేసరికి ఆ మూడు చిల్లుల దగ్గరా గడ్డలు కట్టి రసి కారడం మొదలైంది. ఆపరేషను చేసినాయన చూసి టీబీ అన్నాడు. పరీక్ష లేదు, పాడూ లేదు. సెప్టెంబరు నుంచి టీబీ మాత్రలు మొదలుపెట్టాడు. డిసెంబరు వచ్చింది. పుండ్లు మానలేదు, తిన్నది కడుపులో నిలవలేదు. వాంతులు మామూలే, మందులు ఆపొద్దు అన్నాడు.

ఒక రోజు అన్నం తింటూ జెర్లిన్ అంది. "పెద్దమ్మా, ఆ దవాఖానల నాలెక్క ఇంకిద్దరు ఆడోళ్ళు కూసున్నరు. వాళ్ళకు గూడ గీడనే, గిట్లనే కారుతుంది." జయమణి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. ఆమెకు వెంటనే తట్టింది. ఆ పనిముట్లను ఉడకబెట్టరు, మందు నీళ్ళలో ముంచి, తర్వాత నల్లా నీళ్ళతో కడుగుతారు చాలాచోట్ల. నల్లా నీళ్ళలో బతికే ఒక క్రిమి ఉంది, టీబీకి దాయాది. పుండు చూడ్డానికి టీబీ లాగే ఉంటుంది గానీ టీబీ మందులకు చావదు. దానికి మందులు వేరే. ఆ పిల్ల నాలుగు నెలలుగా మింగుతున్న మాత్రలు పుండుకు పనికిరాక, కాలేయాన్ని మాత్రం తింటున్నాయన్నమాట. కానీ అది కాగితం మీద రుజువు కావాలి.

జయమణి నర్సింగ్ హోముకు వెళ్ళి, పోట్లాడి, పుండులోంచి ముక్క తీయించింది. శనగ గింజంత ముక్క. ఇక్కడే ఆమె తప్పు చేసింది. అన్నేళ్ళలో ఎవరి విషయంలోనూ చేయని తప్పు. ముక్కలో సగం దాచాల్సింది, దాచలేదు. క్రిమి తక్కువగా ఉంటే దొరకదేమోనని భయపడి మొత్తం వేసేసింది. ఏడు నిండేదాకా ఆగాల్సింది, ఆగలేదు. ఆ రోజు రెండే ట్యూబులు పెట్టింది. ఒకటి జెర్లిన్‌ది, ఒకటి నీళ్ళది.

మర్నాడు సాయంత్రం లోపలికి పిలిచింది. తెర మీద జెర్లిన్ ట్యూబుకు మందమైన గీత. పక్కన పేరు మైకోబ్యాక్టీరియం కెలోనే. ఆ నీళ్ళ పురుగే. నాకు ప్రాణం లేచి వచ్చింది.

"టైపు చెయ్యనా అక్కా?"

"వద్దు."

"ఏంది వద్దు? పేరు దొరికింది గదా."

"నీళ్ళల్ల గూడ దొరికింది."

చూపించింది. నీళ్ళ ట్యూబులో సన్నటి గీత. అదే పేరు. పిల్ల నుంచి నీళ్ళలోకి చిందిందా, లేక మా ల్యాబు నీళ్ళలోనో మందుల్లోనో ఉన్న పురుగు పిల్ల ట్యూబులోకి పోయిందా? పక్కన ఇంకో ఆరు ట్యూబులుంటే క్షణంలో తేలేది. లేవు. నూరగా రెండింట్లోనూ మిగిలిన ద్రావణంతో మళ్ళీ చేసింది. మళ్ళీ రెండింట్లోనూ గీతలు. అంటే ముక్కను నూరిన మొదటి మెట్టులోనే కలిసిపోయింది. మళ్ళీ నూరడానికి ముక్క లేదు.

భూపాల్ గారు వచ్చి చూశారు. చెడ్డవాడు కాదు ఆయన. ఆ రోజైతే నాకు దేవుడిలాగే కనిపించాడు.

"జయమణమ్మా, బిడ్డది ఎంత మందంగుందో చూడండి. నీళ్ళది దారమంత ఉంది. బిడ్డ నుంచే చిందింది. రాసియ్యండి, నేను సంతకం పెడత."

"సన్నగున్నదని ఇంతకుముందు ఎవరికన్నా రాసిచ్చినమా సార్?"

"ఇది వేరే గదా."

"నాకు వేరే. ట్యూబుకు వేరే కాదు. నల్లాలల్ల బతికే పురుగు సార్ అది. మన నల్లాల లేదని మీరు రాసిస్తరా? రేపు నిజంగ టీబీ అని తేలితే, మందులు ఆపి చంపినోళ్ళమైతం."

ఆయన మీ ఇష్టం అని వెళ్ళిపోయాడు. "ఫలితం రద్దు. తాజా నమూనా పంపగలరు" అని నేనే టైపు చేశాను. నా వేళ్ళతోనే చేశాను. ఆ రోజు ఇంటికి పోతూ మొజంజాహీ మార్కెట్ దగ్గర, పండ్ల బండ్ల మధ్య, నలుగురూ చూస్తున్నారని కూడా లేకుండా ఆమె మీద అరిచాను.

"నీకు తెలుసక్కా, అది టీబీ కాదని నీకు తెలుసు!"

"అనుకుంటున్న. తెల్వది."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అంటరు. నువ్వు దేవుణ్ణడిగి రాస్తవా రిపోర్టు? పోనీ మాత్రలన్న ఆపెయ్యమని చెప్పు."

"టీబీ అయితే?"

ఆమె దగ్గర ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది, దానికే నాకు ఒళ్ళు మండేది. అయినా ఊరుకోలేదు ఆమె. ఆపరేషను చేసినాయన దగ్గరికి వెళ్ళి నోటిమాటగా చెప్పింది, ఇది నీళ్ళ పురుగని అనుమానంగా ఉంది, మందులు మార్చండి అని. ఆయన నవ్వాడట. "అనుమానం మీద మందులు మారుస్తారా అమ్మా? మీ ల్యాబే రద్దు అని రాసింది. కాగితం తెండి" అన్నాడట. పరీక్ష లేకుండా టీబీ అన్న మహానుభావుడు కాగితం అడిగాడు.

ఇక మళ్ళీ ముక్క తీయాలి. జెర్లిన్ ఒప్పుకోలేదు. క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు, మా ల్యాబులోనే, డబ్బా మూత తెరవకుండా కూర్చుంది. చిక్కి సగమైంది పిల్ల.

"మళ్ళ కోయనియ్య పెద్దమ్మా. ఆ నొప్పి నీకు తెల్వది. ఉన్నదాంతోనే రాసెయ్."

"ఉన్నది పనికిరాదు బిడ్డా."

"నీకేమనిపిస్తుంది? నా మొహం చూసి చెప్పు. టీబీయేనా?"

"కాదు."

"మరి రాయరాదు!"

"అనిపించింది రాయొద్దు నాన్నా."

ఆ పిల్ల నా వైపు చూసింది, మామా నువ్వన్నా చెప్పు అన్నట్టు. నేను తల దించుకున్నాను. పండగ అయ్యాక కోయించుకుంటానంది. పండగ అయ్యాక నుమాయిష్ మొదలైంది. స్టాలు వదిలి రానంది. జనవరి మొదటి వారం దాటాక ఒక శనివారం జయమణి చేయి పట్టుకుని తీసుకుపోయి ముక్క తీయించింది. ఈసారి సగం దాచింది. ఈసారి ఏడు నిండేదాకా ఆగుతానంది.

సోమవారం నుమాయిష్‌లో స్టాలు ముందు జెర్లిన్ కూలబడిపోయింది. కళ్ళు పసుపు ముద్దలు. పెద్ద దవాఖానలో చేర్చారు. కాలేయం పోయిందన్నారు, టీబీ మాత్రలన్నీ ఆపేశారు. ఇప్పుడు పుండులో ఏ పురుగుంటే ఏమిటి, ముందు మనిషి నిలబడాలి కదా అన్నారు. విమల మెదక్ నుంచి వచ్చి మంచం పక్కన కూర్చుంది. జయమణి పొద్దున ఒక గంట, సాయంత్రం రెండు గంటలు అక్కడ, మధ్యలో ల్యాబులో. మంగళవారానికి జెర్లిన్‌ది కాక మూడు సాంపిళ్ళే వచ్చాయి.

"నడిపించెయ్ అక్కా, నాలుగుతోనే నడిపించెయ్. నీ కాళ్ళు మొక్కుత."

"ఒకసారి తొందరపడ్డ తమ్మీ. దాని ఫలితం ఆడ పండుకోనుంది."

ఆ వారం సాంపిళ్ళు రానే రాలేదు. నేను ఫోన్లు చేసి తెలిసిన డాక్టర్లందరినీ అడుక్కున్నాను, ఏదో ఒకటి పంపండి సార్ అని. శుక్రవారానికి ఏడు నిండాయి. శనివారం పొద్దున తొమ్మిదికి ఫలితం వచ్చింది. జెర్లిన్ ట్యూబులో కెలోనే. మిగతా ఆరింట్లో వాళ్ళ వాళ్ళ క్రిములు. నీళ్ళ ట్యూబు శుభ్రం. దాచిన సగం ముక్కను పళ్ళెంలో పెంచితే అందులోనూ అదే పెరిగింది. డిసెంబరులో వచ్చిన పేరే నిజం. ఆ సన్నటి గీత పిల్ల నుంచే నీళ్ళలోకి చిందింది. నేను రిపోర్టు టైపు చేస్తుండగానే విమల ఫోను చేసింది. జెర్లిన్ ఆరున్నరకే పోయింది. ఆ వారం ఆగకపోయినా బతికేది కాదని కాలేయం డాక్టరు తర్వాత చెప్పాడు. డిసెంబరులో రాసి ఉంటే ఏమయ్యేదో మాత్రం నేను ఆయన్ను అడగలేదు.

మర్నాడు సమాధుల తోటలో చర్చి అయ్యగారు ప్రార్థన ముగించాక, అందరూ గుప్పెడు గుప్పెడు మట్టి వేస్తున్నారు. జయమణి వంతు వచ్చింది. విమల అడ్డం వచ్చి నిలబడింది. ఏడవడం లేదు.

"అక్కా, మొదటిపారి వచ్చింది గూడ గదే పేరట గదా?"

"ఔ."

"గప్పుడే నీకు ఎరుకేనా?"

"అనుకున్న విమలా. ఎరుక కాలే."

"నా బిడ్డకు ఎరుకైంది. ఫోన్ల నాకు చెప్పింది. టీబీ కాదని పెద్దమ్మకు తెలుసమ్మా, రాస్తలేదమ్మా అని. నేనేమన్ననో తెలుసా? పెద్దమ్మ మీద గట్ల మాట్లాడకు, నీ మంచికే చేస్తది అన్న." గొంతు తగ్గించి అంది. "మట్టి నువ్వెయ్యకు."

జయమణి పిడికిలి విప్పి, తెచ్చిన మట్టిని తెచ్చినచోటే పోసింది. చేతులు కడుక్కోలేదు. నేను ఆటోలో ఇంటి దగ్గర దింపాను. సోమవారం తొమ్మిదికి ల్యాబు తాళం ఆమే తీసింది.

ఆ రిపోర్టు పట్టుకుని భూపాల్ గారు పై అధికారులకు రాశారు. నర్సింగ్ హోము వాళ్ళు ల్యాబు తప్పు చేసిందని వాదించారు. సొంత చెల్లెలి కూతురి ఫలితాన్నే రద్దు చేసుకున్న ల్యాబు అబద్ధం రాస్తుందా అని విచారణకు వచ్చినవాళ్ళు అన్నారట. నర్సింగ్ హోము నల్లాలో, పనిముట్లు ముంచే తొట్టిలో అదే పురుగు దొరికింది. ఆపరేషన్లు ఆపించారు. అలాగే రసి కారుతున్న ఏడుగురు ఆడవాళ్ళకు మందులు మార్చారు. ఏడుగురికీ మానింది. వాళ్ళలో వరలక్ష్మి అనే ఆమె ఒక రోజు దానిమ్మపళ్ళు పట్టుకుని, జయమణమ్మను చూడాలని వచ్చింది. జయమణి లోపలి గది తలుపు తీయలేదు. అమ్మ బిజీగా ఉందని నేనే పంపించేశాను. ఆ పళ్ళు కౌంటరు మీదే ఎండిపోయాయి, తినడానికి నాకు చేతులు రాలేదు.

మా డాక్టరు గారికి మాత్రం చెప్పుకోవడానికి కథ దొరికింది. డాక్టర్ల మీటింగుల్లో, కొత్తగా సాంపిళ్ళు పంపేవాళ్ళ దగ్గర, చివరికి మెషీను బాగుచేయడానికి వచ్చినవాడికి కూడా. "మా జయమణమ్మ సొంత బిడ్డ లాంటి పిల్ల రిపోర్టునే చింపేసిందండీ, అదీ మా ల్యాబు అంటే!" ఆమె అక్కడే, అద్దం అవతల, ట్యూబులు సర్దుతూ వింటూ ఉండేది. చచ్చిపోయిన పిల్లను ల్యాబు బోర్డుగా కట్టుకున్నాడు కదా అని నాకు రక్తం ఉడికేది. నాకు ఉడికి ఏం లాభం, నేను కూడా ఆ ల్యాబు జీతగాణ్ణే.

పోయిన నెల మా ల్యాబుకు గుర్తింపు ఇచ్చే తనిఖీ జరిగింది. బయటి ఊరి నుంచి ఇద్దరు వచ్చారు, ఒక పెద్దాయన, సంహిత అని ఒక మేడం. రోజంతా రికార్డులు చూశారు. సాయంత్రం టీ పెట్టి, భూపాల్ గారు కథ ఎత్తుకున్నారు. జయమణిని పిలిపించి నిలబెట్టారు. పెద్దాయన మెచ్చుకోలుగా తల ఊపి అడిగాడు. "ఆ అమ్మాయి ఇప్పుడెలా ఉంది?"

భూపాల్ గారు ఒక్క క్షణం తడబడ్డారు. అప్పటిదాకా ఎవరూ కథలో అంత దూరం పోయి అడగలేదు. "బాగుందండీ. ఇప్పుడు బాగానే ఉంది" అన్నారు.

"తప్పు సార్" అంది జయమణి. "చనిపోయింది. రద్దు చేసిన ముప్ఫయ్యో రోజు."

నేను గోడకు ఆనుకుని నిలబడి ఇప్పుడైనా ఎవరైనా ఏదైనా అంటారని చూశాను. సంహిత మేడం "ఆ రద్దు చేసిన బ్యాచు నంబరు చెప్పగలరా? రికార్డు చూడాలి" అంది. జయమణి కాగితం చూడకుండా చెప్పింది. నేను వెళ్ళి ఫైలు తెచ్చాను. అది నేనెప్పుడూ విప్పని ఫైలు.

మేడం పేజీ తిప్పి చదివింది. ఫలితం రద్దు. కింద "కారణం" అన్న గడిలో, రెండో రిపోర్టు వచ్చిన శనివారం తేదీ వేసి, జయమణి చేతిరాతతో ఉంది. "ముక్క నూరిన తర్వాత నీళ్ళ ట్యూబు ముట్టుకునే ముందు టెక్నీషియన్ గ్లౌజు మార్చలేదు." జెర్లిన్ పోయిందని ఫోను వచ్చిన పొద్దున, దవాఖానకు బయలుదేరే ముందు కూర్చుని ఆ గడి నింపింది ఆమె.

"టెక్నీషియన్ ఎవరు?"

"నేనే మేడం."

"సరే. దీని కింద 'సరిదిద్దే చర్య' గడి ఖాళీగా ఉంది. ఇది ఖాళీగా ఉండకూడదు కదా."

"సరిదిద్దేటందుకు ఏం లేకుండె మేడం."

"అలా వదలకూడదమ్మా, మీకు మార్కు పోతుంది. సిబ్బందికి మళ్ళీ శిక్షణ ఇచ్చామని రాయండి, అందరూ అదే రాస్తారు." మేడం మంచి మనసుతోనే చెప్పింది. తన పెన్ను తీసి ఇచ్చింది.

ఎవరూ ఎవరికీ శిక్షణ ఇవ్వలేదు. ఆ సంగతి ఆ గదిలో ముగ్గురికి తెలుసు. భూపాల్ గారు కిటికీ వైపు తిరిగారు. జయమణి ఆ గడిని కాసేపు చూసింది. రాయదనే అనుకున్నాను, ఒట్టు, అంతలా అనుకున్నాను. పెన్ను తీసుకుని, గుండ్రటి అక్షరాలతో, "సిబ్బందికి మళ్ళీ శిక్షణ ఇవ్వడమైనది" అని రాసి సంతకం పెట్టింది. డిసెంబరులో నేను నడిబజార్లో అరిస్తే రాయలేదు. ఆ పిల్ల మొహం చూసి అడిగితే రాయలేదు. అప్పుడు రాయమన్నది అబద్ధం కూడా కాదు.

"గుడ్" అంది మేడం, గడి పక్కన టిక్కు పెట్టి. జయమణి పెన్నుకు మూత పెట్టి తిరిగి ఇచ్చేసి, "ఇంకేమన్న రాయాల్నా మేడం?" అని అడిగింది.